మోటారుసైకిలు విద్య

ఏ విద్యయైనను నేర్చినవాని చెంత నేర్చుకొనవలెనని మన పెద్దలు నిర్ణయించిరి. సంగీతము నేర్చువాడు, కఱ్ఱసాము నేర్చువాడు, వైద్యము నేర్చువాడు, తుదకు నాగలి పట్టువాడు సైతము అనుభవశాలి యొద్ద కొంతకాలము మెలగి, తప్పులు దిద్దించుకొని, పిమ్మటనే స్వతంత్రుడగుచుండెను. కొల్లేటి లంకలలో తాటిదోనె నడుపు బాలుని, ఈత రానిదే, గాలివాటము తెలియనిదే, తండ్రి ఒంటరిగా నీటిమీదికి పంపడు. క్రొత్తగా కాడి మోయు కోడెను రైతు తలపండిన యెద్దు ప్రక్కన కట్టి, మెత్తని దుక్కిలో నాలుగు దినములు తిప్పి, ఆ తరువాతనే బండికి పూన్చును. అట్టి సీమలోనే నేడు, గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు సెకనునకు సుమారు 17 మీటర్లు దాటిపోవు యంత్రమును, ఒక్క దినమైనను శిక్షణ పొందని పదునాఱేండ్ల బాలుని చేతికిచ్చి, ఇంటివారందఱు వాకిట నిలిచి సంతోషించుచున్నారు. ఎద్దునకు నేర్పిన ఓర్పును కన్నకొడుకునకు నేర్పుటలో చూపకుండుట ఎంత వైపరీత్యము! దీనిని గూర్చియే నేడు మా పాఠకులతో కొంత ముచ్చటింప దలచితిమి.

మోటారుసైకిలును నిందించుట మా యుద్దేశము కాదు. ఈ సీమలో ప్రయాణసాధనముల చరిత్ర నెఱిగినవారికి దాని ఉపకారము తెలియనిది కాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట, గోదావరి నుండి వచ్చు కాలువయు, కృష్ణ నుండి వచ్చు కాలువయు ఏలూరున కలిసికొనెను. ఆ కాలువలు పంటలకు నీరిచ్చుటతో బాటు చిరకాలము రాజమార్గములై, ధాన్యమును, జనమును పడవలపై మోసినవి. పిదప రైలు వచ్చెను. సైకిలు వచ్చెను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ స్థాపింపబడిన తరువాత బుల్లెట్టు బండి మోతుబరి వాకిట గౌరవచిహ్నమైనది. 1985లో హీరో హోండా వారి తేలికబండి వెలువడిన నాటినుండి మోటారుసైకిలు సామాన్య గృహస్థునికిని అందుబాటులోనికి వచ్చినది. నేడు పొలము చూచివచ్చు రైతునకు, చేపలచెఱువునకు మేత కొనిపోవు కూలివానికి, పాలుపోయువానికి, లంకగ్రామమున బడి చెప్పు ఉపాధ్యాయురాలికి, తాడేపల్లిగూడెము మార్కెట్టునకు తెల్లవారక మునుపే చేరవలసిన చిల్లర వర్తకునకు అదియే కాలు, అదియే బండి. బస్సు పోని పుంతలలో అది పోవుచున్నది. అర్ధరాత్రి ప్రసవవేదన పడు స్త్రీకొఱకు వైద్యుని పిలుచుకొని వచ్చుచున్నది. ఇంత ఉపకారియైన సాధనమును మనము మృత్యుసాధనముగ చేసికొనుచున్నామే యనియే మా వేదన.

ఇది అతిశయోక్తి కాదు. కేంద్రప్రభుత్వపు రహదారి రవాణా మంత్రిత్వశాఖ వారు ప్రకటించిన లెక్కల ప్రకారము 2022 సంవత్సరమున భారతదేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై పోవుచుండినవారు. అనగా నూటికి నలువదినలుగురకు పైగా మోటారుసైకిళ్లపైనను, స్కూటర్లపైనను పోయినవారే. శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు, ధరింపక మరణించినవారు 50,029 మంది. అందు బండి నడుపువారు 35,692 మంది. వెనుక కూర్చున్నవారు 14,337 మంది. ఏ మహామారియో వచ్చి ఏటేట ఇందఱిని పొట్టన పెట్టుకొనినచో దేశమంతయు గగ్గోలు పడును, సభలు జరుగును, చందాలు పోగగును. దినమునకు 460 మందికి పైగా రోడ్లపై నేలకూలుచుండగా మనకు చీమకుట్టినట్లైనను లేదు. చచ్చినవాని యింట ఏడ్పు. ప్రక్కయింట క్రొత్తబండికి పసుపు కుంకుమలు!

ఇట్టి మరణము సంభవించినపుడెల్ల మనవారు పలుకు మాట యొకటి కలదు: "వాని నుదుట అంతే వ్రాసియున్నది." దుఃఖోపశమనమునకై పలుకబడినచో ఈ మాటను మేము తప్పుపట్టము. కాని కారణము నన్వేషింపకుండుటకై పలుకబడినచో అది మహాపరాధము. మశూచి నుదుటివ్రాతయని మన తాతలు నమ్మిరి. టీకా వేయించిన పిమ్మట ఆ వ్రాత చెఱిగిపోయినది. కలరా గ్రామదేవత కోపమని తలచిరి. నీటిని శుభ్రపఱచిన పిమ్మట ఆ కోపము చల్లారినది. రోడ్డు మరణములకును కారణములు తెలిసియేయున్నవి. పైన చెప్పిన లెక్కలయందే నూటికి డెబ్బదికి మించిన మరణములు అతివేగమువలన కలిగినట్లు స్పష్టముగ నున్నది. కారణము తెలిసిన తరువాత విధిని నిందించుట పురుషలక్షణము కాదు.

హెల్మెట్టు చరిత్రయే ఇందులకు నిదర్శనము. అరబ్బుదేశపు యుద్ధములలో ప్రఖ్యాతుడైన లారెన్సు అను ఆంగ్లేయుడు 1935 మే 13వ తేదీన ఇంగ్లండులో తన యింటికి సమీపమున మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై వచ్చుచున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. తలకు గాయమై, స్పృహ రాకయే ఆఱు దినములకు మరణించెను. ఎన్ని యుద్ధములలోనో తూటాలకు చిక్కని వీరుడు పల్లెబాటపై బండినుండి పడి అసువులు బాసెను. ఆయనకు చికిత్స చేయ వచ్చిన వైద్యులలో హ్యూ కేరన్సు అను మెదడు శస్త్రచికిత్సా నిపుణుడొకడు. ఆ మరణము అతని మనస్సునకు హత్తుకొనినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనిక వార్తాహరులు మోటారుసైకిళ్లపై పోవుచు తలలు పగిలి మరణించుట చూచి, ఆ గాయముల నన్నిటిని పరిశీలించి, శిరస్త్రాణము ధరించినవారి గాయములు స్వల్పములగుటను 1941లో బ్రిటిషు వైద్యపత్రికయందు ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారుసైకిలు భటులకు హెల్మెట్టును తప్పనిసరి చేసినది. పౌరులకు ఆ దేశమున అట్టి శాసనము 1973లో వచ్చెను. ప్రపంచదేశములలో జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2008లో ప్రకటింపబడిన కొక్రేను సమీక్ష, హెల్మెట్టువలన మరణభయము నూటికి 42 వంతులు, తలగాయముల భయము నూటికి 69 వంతులు తగ్గునని నిర్ధారించినది. ఇంకేమి ప్రమాణము కావలయును?

ప్రమాణములు లేక కాదు, పాటించు బుద్ధి లేక మనము చెడుచున్నాము. ఏలూరు వీథులలో చూడుడు: హెల్మెట్టు కొందఱికి పెట్రోలుటంకిపై అలంకారము; కొందఱికి మోచేతికి తగిలించుకొను కడియము; పోలీసువారు కనబడినపుడు మాత్రము అది తలకెక్కును, వారిని దాటగానే దిగును. "ఉక్క", "జుట్టు చెడును", "ఇక్కడికేగదా" అను మూడు మాటలు హెల్మెట్టునకు పరమశత్రువులు. ఉక్కయా? వైశాఖపుటెండలో తలపాగ చుట్టుకొని కోతకోయు కూలివానిని చూచి సిగ్గుపడవలెను. "ఇక్కడికే" అందుమా? మెదడునకు దూరభారములు తెలియవు. ఊరిచివర కల్వర్టు రాయి తగిలినను, జాతీయ రహదారి రాయి తగిలినను పుఱ్ఱె ఒక్కరీతినే పగులును. మఱియు హెల్మెట్టు అను పేరుగల ప్రతి టోపీయు హెల్మెట్టు కాదు. భారతీయ ప్రమాణముల సంస్థ వారి గుర్తు లేనివానిని తయారుచేయుట, అమ్ముట 2021 జూన్ 1వ తేదీనుండి నిషిద్ధము. బాటప్రక్కన చవుకగ దొరకు పెంకుటోపీ జరిమానానుండి కాపాడునేమో కాని రాతినుండి కాపాడదు. గడ్డముక్రింద పట్టీ బిగింపని హెల్మెట్టు మనిషికంటె ముందుగానే ఎగిరిపోవును.

అయినను హెల్మెట్టు పడినవానిని రక్షించునది. పడకుండ రక్షించునది విద్య యొక్కటియే. ఆ విద్య ఎట్టిదో కొంత వివరించెదము. సైకిలు తొక్కుట వచ్చినవానికి మోటారుసైకిలు వచ్చినట్లేయని మనవారు తలచుట పెద్ద పొరపాటు. సైకిలు మనిషి కండబలముతో నడచును. కాలు ఆగిన వేగము తగ్గును. మోటారుసైకిలు మనిషికంటె ఎక్కువ బరువుగలదై, చేతిమణికట్టు కొంచెము తిరిగినంతనే మీదికి దూకును. కనుక మొదట ఇంజను నడుపకయే దానిని ప్రక్కన నిలిచి తోయుట, నిలుపుట, ఒఱగనిచ్చి మరల నిలబెట్టుట అలవఱచుకొని బరువు నెఱుగవలెను. పిమ్మట మైదానమున, నేర్పువాడు ప్రక్కన నడచుచుండగా, క్లచ్చిని నెమ్మదిగ వదలుచు ఏ చోట బండి కదలునో చేతికి తెలియునంతవఱకు అభ్యసింపవలెను. కదలుట నేర్చుకొనుటకు ముందే ఆగుట నేర్చుకొనవలెను. వేగముగ పోవుట నేర్చుటకు ముందే నెమ్మదిగ పోవుట నేర్వవలెను. ఏలయన, మనిషి నడకతో సమానముగ బండిని తూలకుండ నడుపగలవాడే బండిని వశపఱచుకొనినవాడు.

బ్రేకులను గూర్చి మన పల్లెలలో ఒక దురభిప్రాయము వ్యాపించియున్నది. ముందు బ్రేకు ముట్టినచో బండి తలక్రిందగునని భయపెట్టి, వెనుక బ్రేకు నొక్కుట మాత్రమే పిల్లలకు నేర్పుచున్నారు. నిజమేమన, బండి ఆగునపుడు బరువంతయు ముందుచక్రము మీదికి వచ్చును. కావున ఆపు శక్తిలో అధికభాగము ముందు బ్రేకునందే కలదు. రెండిటిని కలిపి, ముందుదానిని ఒక్కసారిగ బిగింపక క్రమక్రమముగ నొక్కుట సరియైన పద్ధతి. చక్రము వంకరగ తిరిగియుండగాగాని, ఇసుకపైగాని, గడ్డిపైగాని, తడిసిన నల్లమట్టిపైగాని ముందు బ్రేకు గట్టిగ పట్టుట ప్రమాదము. వేగము రెట్టింపైనచో ఆపుటకు కావలసిన దూరము నాలుగింతలగును; ఇది ప్రకృతిధర్మము, యువకుని ధైర్యమునుబట్టి మాఱునది కాదు. 2019 ఏప్రిలునుండి 125 సీసీలకు మించిన క్రొత్తబండ్లకు చక్రము బిగిసిపోకుండ కాపాడు బ్రేకు ఏర్పాటును, చిన్నబండ్లకు రెండు బ్రేకులును కలిసి పనిచేయు ఏర్పాటును ప్రభుత్వము విధించినది. అదియు చేతి నేర్పునకు తోడు మాత్రమే.

మైదానమున ఇంత నేర్చిన తరువాత, ప్రొద్దుటివేళ సందడిలేని బాట. తరువాత ఊరి వీథి. తరువాత వాన, రాత్రి. అన్నిటికి తుద జాతీయ రహదారి. వెనుక మనిషిని కూర్చుండబెట్టుకొనుట కట్టకడపటి పాఠము. ఏలయన, రెండవ మనిషి ఎక్కగానే బండి స్వభావమే మాఱును. చట్టమును ఇట్లే చెప్పుచున్నది. అభ్యాసకుని లైసెన్సు గలవాడు తెల్లని పలకపై ఎఱ్ఱని ఎల్ అక్షరము కట్టవలెను. లైసెన్సుగల శిక్షకుని తప్ప మఱియొకరిని వెనుక ఎక్కించుకొనరాదు. ఆ లైసెన్సు ఆఱు మాసములు చెల్లును; నెల దాటినగాని పక్కా లైసెన్సు పరీక్షకు పోరాదు. ఆ నెల ఎందుల కేర్పడినదో మనవారు మఱచి, దానిని కచేరీ జాప్యముగ భావించుచున్నారు. పరీక్షయందు ఎనిమిది అంకె ఆకారమున బండి త్రిప్పించుట ఆచారము. అది నెమ్మదినడకలోని నిలుకడను మాత్రమే పరీక్షించును. లారీకి ఎదురుపడినపుడు కావలసిన వివేకమును పరీక్షింపజాలదు. పరీక్ష నెగ్గినవాడు విద్య ముగించినవాడు కాడు, ఓనమాలు దిద్దినవాడు.

ఇక మన ప్రాంతపు బాటలకు ప్రత్యేక లక్షణములు కొన్ని కలవు. వానిని ఏ పుస్తకమును చెప్పదు. మొదటిది కాలువగట్టు. డెల్టాలో బాటలు అనేకములు కాలువగట్లపై పోవుచున్నవి. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పల్లము. అడ్డుగోడ లేనిచోట్లు పెక్కులు. ఎదుటివాని దీపపుకాంతి కండ్లలో పడిన ఒక్క సెకనులో బాట అంచు కానరాక కాలువ పాలగుట సంభవించును. అట్టిచోట రాత్రివేళ వేగము తగ్గించుట, దీపమును క్రిందికి వంచుట, ఎదుటిబండి దాటువఱకు అవసరమైన నిలిచిపోవుట పిఱికితనము కాదు, ప్రాజ్ఞత. రెండవది ధాన్యము. సార్వా కోతలప్పుడును, దాళ్వా కోతలప్పుడును తారురోడ్డులో సగము కళ్లముగ మాఱును. పగలు ధాన్యపుగింజలపై చక్రము జాఱును. రాత్రి ధాన్యరాశిపై నల్లని టార్పాలిను కప్పి, చుట్టును రాళ్లు పేర్చి రైతు ఇంటికి పోవును. చీకటిలో వచ్చువానికి ఆ రాయి కానరాదు. మా పాఠకులలో భూస్వాములు అనేకులు కలరు. వారికి మా విన్నపము: మీ పంట లోకమునకు ప్రాణము పోయునది, దాని చుట్టు పేర్చిన రాయి పొరుగువాని ప్రాణము తీయునది కాకూడదు.

మూడవది చేపల రవాణా. కొల్లేటి చుట్టుపట్ల చెఱువులనుండి మంచుగడ్డలతో పోవు లారీలనుండి కాఱు నీటివలనను, చెఱువుపని ట్రాక్టరులు తెచ్చు బురదవలనను బాట ఎండకాలమునను జాఱుచుండును. లారీ వెనుకనే అంటిపోక దూరముగ పోవుట ఉత్తమము. నాలుగవది పొగమంచు. మార్గశిర పుష్యమాసములలో తెల్లవాఱుజామున కొల్లేటి సీమ అంతయు తెల్లని తెరలో మునుగును. కనబడునంత దూరములో ఆగగలిగినంత వేగముననే పోవలెననునది అప్పుడు పాటింపవలసిన ఏకైక సూత్రము. అయిదవది వరద. తమ్మిలేరు, బుడమేరు మున్నగువాని నీరంతయు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు మార్గమున మెల్లగ సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరు వరదలలో ఏలూరు–కైకలూరు మార్గముపై నీరు పారి రాకపోకలు నిలిచిపోయెను. బాటపై పారు నీరు మోకాలిలోతు కూడ లేకున్నను బండిచక్రమును ప్రక్కకు నెట్టగలదు. నీటిక్రింద బాట కొట్టుకొనిపోయినదో లేదో పైకి తెలియదు. "నే నెన్నిసార్లు దాటలేదు" అనువాడే కడసారి దాటబోయి కొట్టుకొనిపోవును.

ఆఱవది జాతీయ రహదారి. చెన్నై నుండి కలకత్తాకు పోవు 16వ సంఖ్య రహదారి ఏలూరు ప్రక్కగ పోవుచున్నది. గుండుగొలను నుండి తాడేపల్లిగూడెము, తణుకు మీదుగ పోవు పాతమార్గము నేడు 216-ఎ సంఖ్యగల జాతీయ రహదారి. పొలమునకు పోవు రైతు అరమైలు చుట్టు తప్పించుకొనుటకై వీనిపై ఎదురుదిక్కున పోవుట, విభాగినియందలి సందులోనుండి తటాలున అడ్డము వచ్చుట మనము నిత్యము చూచుచున్నాము. పగలంతయు పొదుపు చేసిన పెట్రోలు పావులీటరు, ఒడ్డినది సంసారము.

ఇప్పుడు తలిదండ్రుల ధర్మమును చెప్పవలసియున్నది. ఇదియే మా వ్యాసమునకు ప్రాణము. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివాడు మోటారుసైకిలు నడుపరాదు. 50 సీసీలకు మించని గేరులేని బండికి మాత్రము 16 ఏండ్లు చాలును. 2019 సవరణ వలన, బాలుడు బండి నడిపి నేరము చేసినచో తలిదండ్రులుగాని, బండి యజమానిగాని దోషులగుదురు. తమకు తెలియక జరిగినదనియో, వారింప యత్నించితిమనియో వారే ఋజువు చేసికొనవలెను. శిక్ష మూడేండ్ల వఱకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దు. ఆ బాలునకు 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. ఇంతియ కాదు. లైసెన్సు లేనివాడు నడిపిన బండి మఱియొకని చంపినచో, భీమా సంస్థ ఆ కుటుంబమునకు పరిహార మిచ్చినను, ఆ సొమ్మును బండి యజమాని నుండి రాబట్టుకొనుటకు న్యాయస్థానము అనుమతింపవచ్చును. కొడుకు ముచ్చట తీర్పబోయి తాతలనాటి మాగాణి అమ్ముకొనుట ఎట్టి వాత్సల్యము?

చట్టము మాట యటుంచి ధర్మము మాట చెప్పెదము. పదవ తరగతి ప్యాసయినందులకు బండి, కళాశాలలో చేరినందులకు బండి, పెండ్లిలో అల్లునికి బండి: ఇవన్నియు ప్రేమచిహ్నములని మనవారు తలచుచున్నారు. బండితో బాటు హెల్మెట్టు రెండు, శిక్షకుడొకడు, ఒక నెల ఓర్పు – ఇవి యిచ్చినవాడే బండి యిచ్చినవాడు. అవి లేక బండి మాత్రమిచ్చినవాడు పసివాని చేతికి పదునుకత్తి నిచ్చినవాడే. అంతకంటె ముఖ్యముగ, తండ్రి తాను హెల్మెట్టు లేక తిరుగుచు కొడుకును ధరింపుమనిన అది చెవికెక్కదు. పిల్లలు మన మాటలను గాక మన నడతను నేర్చుకొందురు.

స్త్రీల విషయమున ఒకటి రెండు మాటలు. మన ఆడపడుచులు స్కూటర్లు నేర్చి ఉద్యోగములకు, చదువులకు పోవుట దేశమునకు శుభసూచకము. వారికి నేర్పుటకు అన్నదమ్ములు సిగ్గుపడరాదు. వెనుక కూర్చుండు స్త్రీల చీరకొంగులు, ఓణీలు చక్రములో చుట్టుకొని ప్రాణము తీసిన సందర్భములు కలవు. వెనుకచక్రమునకు సగమైనను కప్పునట్టి కాపుదల, పట్టుకొనుటకు పిడి, పాదము మోపుటకు ఆధారము ఉండవలెనని నిబంధనలే విధించుచున్నవి. సొగసుకొఱకు వానిని ఊడదీయించుట మూర్ఖత. హెల్మెట్టు నడుపువానికే యనుకొనుటయు పొరపాటే. నాలుగేండ్లు దాటిన ప్రతివానికి చట్టము దానిని విధించినది. అంతకంటె చిన్నపిల్లలకును టోపీయు, నడుపువానికి కట్టుకొను పట్టీయు ఉండవలెననియు, అట్టియెడ వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరినుండి నియమము అమలులో నున్నది. టంకిపై ఒక బిడ్డను, నడుమ నొక బిడ్డను, వెనుక ఒడిలో నొక బిడ్డతో ఇల్లాలిని ఎక్కించుకొని పోవు గృహస్థుడు తన వంశమునంతటిని ఒక్క గోటిపై నిలిపి పోవుచున్నాడు.

మద్యమును గూర్చి దీర్ఘముగ చెప్పనక్కఱ లేదు. సంక్రాంతి దినములలో పరదేశములనుండియు, పట్టణములనుండియు బిడ్డలు ఇండ్లు చేరుదురు. పందెపుబరులకడ త్రాగి, అర్ధరాత్రి గట్లవెంబడి మరలుదురు. నూఱు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల మద్యము మించినచో నేరమని చట్టము చెప్పుచున్నది. భోగిమంట వేసిన వాకిటనే కనుమనాడు శవము దింపుకొనుటకంటె, త్రాగినవాని చేతినుండి తాళపుచెవి లాగుకొని ఒకపూట వాని తిట్లు పడుట మేలు.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. శిక్షణకు చోటు లేనిదే శిక్షణ యెక్కడ? తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్మింపబడిన విమానాశ్రయపు రన్‌వే కలదు. యుద్ధవిమానముల కొఱకు పరచిన ఆ చదునునేలలో ఒక తునకను యువకుల వాహనశిక్షణకు వినియోగించుటకంటె సార్థక్య మేమున్నది? ఏలూరు 2022 ఏప్రిలులో తన పేరుగల జిల్లాకు కేంద్రమైనది. జిల్లాకచేరి యున్నచోట ఉచిత శిక్షణమైదానమొకటి యుండుట న్యాయము. కాలువగట్ల మలుపులలో అడ్డుగోడలు, కాంతినిచ్చు గుర్తులు కావలెను. రైతుల నిందించుటతో సరిపెట్టక, గ్రామగ్రామమున ధాన్యము ఆఱబోసికొను చప్టాలు కట్టింపవలెను. చోటు లేకయే రైతు బాటకెక్కెను. పోలీసువారు జరిమానా వసూలును లెక్కించుటకంటె, తమ హద్దులో తగ్గిన మరణములను లెక్కించి గర్వింపవలెను.

మఱియొక ధర్మము ప్రతి పౌరునిది. బాటపై పడియున్నవానిని చూచి, సాక్ష్యమునకు ఈడ్తురను భయమున తప్పుకొనిపోవు రోజులు గతించినవి. సాయపడినవానిని వేధింపరాదను మార్గదర్శకములకు 2016లో సుప్రీంకోర్టు శాసనబలము కల్పించినది. 2019 సవరణ ఆ రక్షణను చట్టమునందే చేర్చినది. 108కి ఫోను చేయుడు, వచ్చుబండ్లను ఆపుడు, కాఱు రక్తమును శుభ్రమైన గుడ్డతో అదుముడు, మెడ వంచకుడు, హెల్మెట్టు లాగకుడు, నోట నీరు పోయకుడు. ఇంతమాత్రమునకే ఒక ప్రాణము నిలువవచ్చును.

తుదకు మేము చెప్పునది యిది. స్వరాజ్యమనగా పరాయివాని పాలన తొలగుట మాత్రమే కాదు, తన్ను తాను పాలించుకొనుట యనియు మన జాతీయోద్యమ నాయకులు మనకు బోధించిరి. ఆ స్వరాజ్యమునకు పరీక్ష శాసనసభలలో మాత్రమే జరుగదు. నాలుగుబాటల కూడలిలోను జరుగును. పోలీసువాడు లేని అర్ధరాత్రి ఎఱ్ఱదీపము చూచి ఆగినవాడు స్వతంత్రుడు. పోలీసువాడున్నచో ఆగి లేనిచో పారువాడు ఇంకను దాసుడే. బాట అందఱి సొత్తు. నడచు ముసలవ్వకు, గేదెలను తోలుకొనిపోవు కుఱ్ఱవానికి, బడికి పోవు బాలికకు దానిపై గల హక్కు, వేయి సీసీల బండి నెక్కినవానికి గల హక్కుకంటె వీసమైనను తక్కువ కాదు. బలవంతుడు బలహీనునికి త్రోవ యిచ్చుటయే నాగరికత.

ఆంధ్ర యువకులారా! మీ చేతిలో నున్న ఆ పిడి యంత్రమునకు మాత్రమే కాదు, ఒక యింటి ఆశలకును పిడి. సాహసము చూపుటకు దేశమున పనులు కొల్లలుగ నున్నవి. వరదలో మునుగు పల్లెకు పోయి సాయపడుడు, ఆటలలో గెలువుడు, చదువులలో మించుడు. బాటపై మాత్రము జాగరూకతయే పౌరుషము. తలిదండ్రులారా! బండికొను దినమున ముహూర్తము చూచుచున్నారు. దానితోబాటు ఒక మాసము నేర్పుటకును తీరిక చూడుడు. వచ్చు సంక్రాంతికి మన యేలూరు, గూడెము, కొల్లేటి లంకల వాకిండ్లలో ముగ్గులు మాత్రమే యుండుగాక, మరణవార్తలు లేకుండుగాక! ఇంటినుండి వెడలిన ప్రతి బిడ్డయు ఇంటికి మరలుగాక!